దిద్దిన బొమ్మలు

గచ్చిబౌలిలో పిల్లల కథల యాప్ తయారుచేసే ఆఫీసు అది. బొమ్మలు గీయడానికని చేర్చుకున్న రసజ్ఞ చేత ఏడాదిగా ఏఐ గీసిన బొమ్మల్లో తప్పులు దిద్దిస్తున్నారు. లంచ్ కాగానే టీమ్ లీడ్ భరత్ ఆమెను క్యాంటీన్‌లో ఓ మూలకు పిలిచాడు.

"మళ్ళీ చెప్పండి భరత్ గారూ. దిద్దేవాళ్ళు ఇక అక్కర్లేదా?"

"అక్కర్లేదంటలేను. తగ్గిస్తమంటున్నరు. జర కూసో, చాయ్ తాగు."

"చాయ్ వద్దండి. ఎందుకట?"

"ఏఐ బాగ గీస్తున్నదట. మొదట్ల చేతికి ఆరు వేళ్ళేసేది, దిద్దినంక గూడ ఏదో ఒక తప్పు మిగిలేది, యాదికుందా? ఇప్పుడు నీ దగ్గర్నుంచి వచ్చే బొమ్మలల్ల చిన్న తప్పు గూడ లేదు. పైనోళ్ళు మస్తు ఖుషీ."

"అది... అది ఏఐ గొప్పతనం కాదండి."

"మరేంది?"

"ఏం లేదు లెండి."

"ఏం లేదంటవు, కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంటవు. ఏందో చెప్పరాదు?"

"తిట్టనంటే చెప్తా."

"తిట్ట. చెప్పు."

"ఆ బొమ్మలు నేనే గీశానండి. అది ఇచ్చినవి పక్కన పడేసి, మొదటి నుంచి నేనే గీసి, దిద్దానని చెప్పి పంపాను."

"అన్నీ?"

"దసరా తర్వాతవన్నీ."

"పాగలా ఏంది నువ్వు? గట్లెందుకు జేసినవ్?"

"ఎందుకంటే ఏం చెప్పనండీ! పొద్దస్తమానం దాని వేళ్ళు చెరిపి, దాని మెల్లకళ్ళు సరిచేసి... ప్రాణం విసిగిపోయింది. ఒక్క బొమ్మైనా సొంతంగా గీస్తేగాని అన్నం సయించేది కాదు."

"అయ్యో రసజ్ఞా..."

"అయ్యో ఏంటండీ, ఇప్పుడు చెప్పేశాగా! అది గీయలేదు, రసజ్ఞ గీసిందని పైవాళ్ళకి మీరు చెప్పండి. చెప్తే నన్ను ఉంచుతారు కదా? బొమ్మలు గీసే పనే ఇస్తారు కదా?"

"నువ్వు దిద్ది పంపినయి ఏం జేస్తమో ఎరుకేనా?"

"యాప్‌లో పెడతారు."

"పెడతం. పెట్టినంక... ఆగు, ఫోన్ల చూపిస్త. ఈ బొమ్మ ఎవరు గీసిండ్రు?"

"నేనే! చూడండి, ముసలమ్మ కొంగు నడుముకి దోపుకుని, ఒక కాలు చాపుకుని కూర్చుంది. అచ్చం మా అమ్మమ్మ. ఇలాంటిది అది గీయగలదా, మీరే చెప్పండి. వాళ్ళకి ఇదే చూపించండి, చాలు."

"నీ బొమ్మలన్నీ ముందల పెట్టి దానికి నేర్పించినం, రసజ్ఞా. ఇది పొద్దుగాల ఏఐ గీసింది."