బదులు పాట

"అవ్వా, గాయత్రి అక్క పాటల్లో ఎట్లా పైకొచ్చిందో చెప్పవా? ఫోన్‌లో రికార్డు పెట్టేసినా."

ఏంది రేవతీ, పెట్టేసినావా? ఉండు కణ్ణూ, పళ్ళసెట్టు పెట్టుకోనీ, లేకుంటే నా మాట మీ కాలేజీలో ఎవురికీ అర్థం కాదు. ఊఁ, ఇప్పుడు అడుగు. గాయత్రి ఎట్లా పైకొచ్చిందనా? పైకి యాడొచ్చింది, ఇంకా బస్సులోనే పోతా ఉండాది. కానీ పోతా ఉండాది, అది చెప్పాల.

నా మనమరాలని చెప్పుకోకూడదు గానీ, దానికి చిన్నప్పట్నుంచీ పాటంటే పిచ్చి. దాని పాట అదే రాస్తాది, అదే గిటారు వాయిస్తాది, అదే ఫోన్లో ఎక్కిస్తాది. వెనకాల కంపెనీ లేదు, ఏమీ లేదు. బీచ్ రోడ్డు పక్కన కాఫీ కొట్లుండాయి గదా, అక్కడ సాయంత్రం పూట పాడను పిలుస్తారు. నన్ను కూడా ఒకసారి తీసుకపోయింది. అయ్యో, అక్కడ ఒక్క కాఫీ ధరకు మన వీధిలో ఇంటిల్లిపాదీ టిఫిను తినొచ్చు. ఇది కళ్ళు మూసుకొని పాడతా ఉండాది, జనం తలకాయ ఎత్తకుండా తింటా ఉండారు. అయిపోయినాక చప్పట్లు కొట్టినారు. నేనేమనుకున్నా అంటే, పాపం, ఇంక చాలు ఆపమ్మా అని కొడతా ఉండారని!

నవ్వొద్దు. మా కాలంలో పాటంటే అట్లా కాదు గదా. మనోళ్ళ పెండ్లిలో మొగపెండ్లివాళ్ళ ఆడోళ్ళు పెండ్లికూతురి పక్కోళ్ళను ఎగతాళి చేస్తా ఒక పాట ఎత్తుకుంటారు. ఈ పక్కోళ్ళు అప్పటికప్పుడే బదులు కట్టి పాడాల. గమ్మున కూర్చుంటే ఓడిపోయినట్టే, చచ్చేదాకా దెప్పతారు. నా పెండ్లిలో జరిగింది అదే. మాది అరియాంకుప్పం, ఏటికి అవతల. నన్ను ఇచ్చింది ఈ రెడ్డియార్‌పాళయంలో. మా ఆడబిడ్డ సరోజ ఉండాదే, ఇప్పుడు బాహూరులో ఉంటాది, అది తాంబూలం తట్ట దగ్గర నిలబడి అందుకునింది:

"ఏటి కవతల వదినమ్మా, ఏం తెచ్చినావు మాకు?
ఉత్త సంచి ఊపుకుంటా వచ్చినావా వదినమ్మా?"

మా పక్క పాడాల్సింది మా పిన్నమ్మ. రొంబ గడుసుది. కానీ అప్పుడే నోటి నిండా ఆకువక్క వేసుకొని ఉండాది. మింగనూ లేక, ఉమ్మనూ లేక, అట్లనే నిలబడిపోయింది. తట్ట లోపలికి పోతే పాటలు అయిపోయినట్టే. అది పోయింది, మా పక్కన బదులు లేదు. అప్పట్నుంచీ సరోజ ఎప్పుడొచ్చినా, "ఏం వదినా, బదులు దొరికిందా?" అనే అడగతాది. మంచిదేలే, మనసులో ఏమీ లేదు, అంతా నోరే. నా కాన్పులకు వచ్చి పక్కన ఉన్నింది అదే... ఏం చెప్తా ఉండా? ఆఁ, గాయత్రి.

ఆఫీసు ఉద్యోగం మానేసి పాటలు పట్టుకునింది. మా కొడుకు, గాయత్రి నాయన, కరెంటాఫీసులో ఉండాడు, పక్కింటిదానివి నీకు తెలుసు గదా, ఒక్క ఏడాది చూస్తా అన్నాడు. ఏడాది అయిపోవస్తా ఉండాది. అప్పుడు మన టౌన్లోనే ఒక హాల్లో పాడమని పిలిచినారు. మద్రాసు నుంచి ఒకాయన వస్తాడంట, ఆయనకు నచ్చితే ఊరూరా పెద్ద స్టేజీల మీద పాడిస్తాడంట. "అవ్వా, ఇది పోతే నేను మళ్ళా ఆఫీసుకే" అని నా ఒళ్ళో తల పెట్టుకొని చెప్పింది.

నేనూ సరోజా ముందు వరసలో కూర్చున్నాం, మా కొడుకు మా వెనకాల. గాయత్రి తమిళంలో పాడింది, ఇంగ్లీషులో పాడింది. ఆ మద్రాసాయన గడియారం చూసుకుంటా ఉండాడు. కడాకు, "ఇది మా ఇంటి తెలుగు పాట" అనింది. తమిళ బళ్ళో చదివినోళ్ళం, మనకు తెలుగు చదవను రాదు గదా, తమిళ అక్షరాల్లో రాసి పెట్టుకునింది. ఎత్తుకుంటే ఏంది? చిన్నప్పుడు దాన్ని నిద్రపుచ్చతా నేను పాడిన సరోజ పాటే! రాగం కొత్తగా కట్టింది, మాట అదే. "ఏం తెచ్చినావు వదినమ్మా" అని అడిగి, ఆపేసి, ఉత్త గిటారు వాయిస్తా ఉండాది.

అడిగి ఆపితే ఏమని అర్థం మాకు? కానీయ్, ఇంక నీ వంతు అని గదా! సరోజ మోచేత్తో పొడిచింది. "ఏం వదినా, ఇప్పుడూ నోట్లో ఆకువక్కేనా?" అంతే, నేను యాడుండానో మర్చిపోయినా. లేచి నిలబడి ఎత్తుకున్నా:

"ఉత్త సంచి కాదమ్మా, ఊరి బియ్యం తెచ్చినాను.
గంజి వార్చను రాదు మీకు, ఎవురు వండేది వదినమ్మా?"

హాలంతా నా పక్క తిరిగింది. మా కొడుకు మొగం చేతుల్లో దాచుకున్నాడు. గాయత్రి చెయ్యి గిటారు మీద ఆగిపోయింది. అప్పుడు తెలిసొచ్చింది నాకు, ఇది పెండ్లి కాదు, పిల్ల బతుకు అని. కూర్చుందామంటే సరోజ ఊరుకుంటాదా? అదీ లేచింది:

"బియ్యం తెస్తే చాలునా, రాళ్ళు ఏరేదెవురమ్మా?
కళ్ళజోడు మరిచినావు, కళ్ళు యాడివి వదినమ్మా?"

నిజంగానే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయినా! ఏడస్తాదేమో అనుకుంటే గాయత్రి పకపకా నవ్వింది. గిటారు మీటి, మా ఇద్దరికీ కలిపి వడ్డించింది:

"బియ్యమొకరు, నీళ్ళొకరు, పొయ్యి నేను వెలిగిస్తా.
కొట్లాడింది చాలు గానీ కూడు పెట్టండి వదినల్లారా!"

తెలుగు రానోళ్ళు కూడా తాళం వేస్తా ఉండారు. మద్రాసాయన మళ్ళా గడియారం చూళ్ళేదు.

అయిపోయినాక మా దగ్గరికి వచ్చినాడు. "పాట బాగుండాదమ్మా, కానీ ఈ పెద్దోళ్ళిద్దర్నీ ఊరూరా ఎట్లా తిప్పేది?" అన్నాడు. నేనన్నా, "మమ్మల్ని ఎందుకు తిప్పేది నాయనా? వదినలు లేని ఊరు ఉంటాదా?"

ఆయన నవ్వి సరే అన్నాడు. ఇప్పుడు గాయత్రి నెల్లూరు పోతాది, చిత్తూరు పోతాది, బెంగుళూరు పోతాది. పోయిన చోటల్లా అడిగి ఆపతాది. ఎవురో ఒకరు లేస్తారు. ఒక ఊళ్ళో మీసాలున్న పిల్లోడు లేచి వదిన మాదిరి మూతి తిప్పి పాడినాడంట! ఆఫీసు మాట మా కొడుకు ఎత్తేది లేదు.

మొన్న ఒక ఊళ్ళో మాత్రం ఎవురూ లేవలేదంట. అది ఏం చేసిందనుకున్నావు? స్టేజీ మీది నుంచే నాకు ఫోన్ కొట్టి మైకు దగ్గర పెట్టింది. నేను ఇక్కడ ఉల్లిగడ్డలు తరగతా బదులు పాడినా. అవతల చప్పట్లు వినపడినాయి. ఈసారి ఆపమని కాదులే.

ఇంక చాలు, కట్టేయ్ ఆ ఫోను. నువ్వు కూడా పాట రాస్తావో, పుస్తకం రాస్తావో, ఏమన్నా చెయ్యి తల్లీ. నువ్వు అడిగినదానికి లేచి బదులు చెప్పే మనిషి యాడికి పోయినా నీకు దొరకాల. దొరక్కపోతే, అవ్వకు ఫోన్ కొట్టు.