ఏడో బెడ్‌కి ఆరు నిమిషాలు

గోడ మీది స్క్రీన్‌లో ఏడో బెడ్ పేషెంటు పేరు ఎర్రబడటానికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి. ఎమర్జెన్సీలో పొద్దుటి నుంచి కాలు నిలవకుండా తిరుగుతున్న నర్సు దగ్గరికి హెడ్ నర్సు పరుగున వచ్చింది.

“ఆ ఏడో బెడ్ పెద్దాయన్ని వరండాలోకి తోసెయ్, తల్లీ. కంప్యూటర్‌లో వార్డుకి పంపేశామని కొట్టు. ఆయనొచ్చి నాలుగు గంటలు దాటి పేరు ఎర్రబడితే పైవాళ్ళు నన్ను నిలబెట్టి కడిగేస్తారు.”

“వార్డులో మంచం ఖాళీ లేదు కదక్కా. వరండాలో ఆయన్నెవరు చూస్తారు?”

“మధ్యమధ్యలో నువ్వే ఓ కన్నేసి ఉంచు.”

“పొద్దున ఆయాసంతో వచ్చిన ముసలావిడ విషయంలోనూ అదే అన్నారు. వరండాలోకి తోసి, వార్డుకి పంపేశామని కొట్టగానే స్క్రీన్ మీంచి పేరు పోయింది. పేరు కనపడకపోయేసరికి, ఈ హడావుడిలో ఆవిణ్ణి మర్చేపోయానక్కా.”

“అయ్యో! ఇప్పుడెలా ఉంది?”

“ఇందాక గుర్తొచ్చి పరిగెత్తాను. ఒళ్ళంతా చల్లబడిపోయింది. డాక్టరుగారు ఇప్పుడే చూసి, ఇక లేదన్నారు.”

“ఎంతసేపైందట?”

“బయట ఆవిడ కొడుకూ అదే అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు? వరండాలోకి తోసేశాక మనం టైము చూడం కదక్కా.”

ఆరు నిమిషాలూ అయిపోయాయి. స్క్రీన్ మీద ఏడో బెడ్ పేరు ఎర్రబడింది. పెద్దాయన స్ట్రెచర్ మీద ఇద్దరి చేతులూ ఉన్నాయి గానీ, ఎవరూ తొయ్యలేదు.