కొమ్ములేని జాతి

ఆ అధ్యాయం పీకెయ్యమంటారేమిటి సార్! కాలిలో ముల్లనుకున్నారా? నా థీసిస్ అంతా నిలబడింది దాని మీదే. మీరు సంతకం పెట్టకపోతే అయిదేళ్ల చాకిరీ చెత్తబుట్ట పాలు. తెలిసే అంటున్నారుగా?

కూర్చోను. ముందు మీరొచ్చి ఈ మైక్రోస్కోప్‌లో చూడండి.

మిరియపు గింజంత పేడపురుగులు. ఎడమ పెట్టెలో కొమ్మున్నవి. ఎవరో వందేళ్ల కిందట పేరు పెట్టిన జాతి. కుడి పెట్టెలో కొమ్ములేనివి; మీరు కనిపెట్టిన జాతి. సరే. మరి ముప్ఫయ్యేళ్లుగా మీ జాతిలో ఒక్క మగపురుగైనా దొరకలేదేం? ఆ కొమ్ములవాళ్లలో ఒక్క ఆడదీ లేదేం? అందరూ బ్రహ్మచారులా?

"ఇంకొన్ని నమూనాలు చూద్దాం" అనకండి, విని విని చెవులు చిల్లులు పడ్డాయి! మీ కొమ్ములేని తల్లినొకదాన్ని మట్టి పోసిన సీసాలో పెంచాను. పేడ ఉండలు చుట్టింది, వాటిలో గుడ్లు పెట్టింది. పదకొండు పిల్లలొచ్చాయి. ఆరింటికి కొమ్ములు, అయిదింటికి లేవు. మీ లెక్కన అన్నయ్యది ఒక జాతి, చెల్లెలిది ఇంకో జాతి!

పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఎలాగండీ?

ఏమిటీ... మీ అమ్మగారి పేరా?

తెలుసు. మీ జాతికి పెట్టింది ఆవిడ పేరేనని తెలుసు. రెండూ ఒకటేనని తేలితే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, తర్వాతది కొట్టేస్తారు. ఆ నియమం నాకు పాఠం చెప్పింది మీరే కదా! పురుగుకేం తెలుసు సార్, ఎవరి అమ్మ పేరు మోస్తోందో?

అయ్యో, కళ్లు తుడుచుకోండి. తుడుచుకోండి సార్, నా కోపం చల్లారిపోయేలా ఉంది, దాన్ని చల్లారనివ్వను.

ఆ అధ్యాయం చివరి పేజీ దాకా చదవలేదు కదూ? అనుకున్నాను.

ఆ పిల్లలు సీసాలోంచి బయటికొచ్చి రెండేళ్లయింది. సరిగ్గా ఆ వారమే మీరు నా ఫెలోషిప్‌కి సిఫారసు ఉత్తరం రాస్తున్నారు. నోరు కుట్టేసుకున్నాను. ఆ తర్వాత నాలుగు మ్యూజియాలకి కొమ్ములేనివి పంపాం, గుర్తుందా? పురుగుకి గుచ్చిన ఒక్కో గుండుసూది కింద చీటీ మీద మీ అమ్మగారి పేరే రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో.

పొరపాటు మీది సార్. అబద్ధం నాది. చివరి పేజీలో రాసుకున్నది అదే. అందుకే తియ్యను.

సంతకం పెడితే పెట్టండి, లేకపోతే మానండి.