ఒంటరిగా నిలవని క్రియ

దక్షిణ కొరియాలోని ఆన్సాన్‌లో ఆసుపత్రి పక్కనున్న సంతాపశాల ముందు కారు ఆగి ఉంది. కారులో, ఇనప రేకులు నొక్కే ప్రెస్సుల ఫ్యాక్టరీ యజమాని ప్యో, ఇంగ్లీషు టీచరైన అతని కూతురు హేర్యాంగ్.

“అపాలజైజ్. ఊఁ, వచ్చేసింది. పద, దిగు.”

“కూర్చో నాన్నా. అది సగమే. ఆ క్రియ ఒంటరిగా నిలవదు. ఎవరికి, దేనికి, రెండూ చెప్పాలి.”

“ఎవరికేంటే? రోడెల్ భార్యకే. ఆవిడ ఎదురుగానే కూర్చుని, ఎవరికో మళ్లీ చెప్పాలా?”

“చెప్పాలి. దేనికి?”

“జరిగినదానికి.”

“ఏం జరిగింది?”

“మొదలెట్టావూ! ప్రమాదం. మన ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు, ఆ రోడెల్, ప్రెస్సు కింద నలిగిపోయాడు.”

“ప్రమాదానికి ఆ మాట వాడరు. మనం చేసినదానికే వాడతారు.”

“సారీ చాలదా? నీ దగ్గరికొచ్చే పిల్లలు రోజంతా అదేగా అంటారు!”

“వానలో తడిసినవాళ్లకి కూడా సారీ చెప్పొచ్చు నాన్నా. ఇది అట్లా కాదు. తప్పు నాదే అని ఒప్పుకుంటేనే ఇది.”

“లాయరు ఒప్పుకోవద్దన్నాడు! ఆవిడ రాజీకొస్తే జైలు తప్పుతుంది. మోకాళ్ల మీద కూర్చుంటా, తల దించుకుంటా, ఆ ఒక్క ముక్కా అంటా...”

“పాము చావదు, కర్ర విరగదు.”

“వెటకారమా? నీ చదువు ఎక్కణ్ణుంచొచ్చింది? ఆ ప్రెస్సులే కదుటే...”

“అవును, వాటి మీదే బతికాను. అందుకే నాకు అన్నం సహించట్లేదు. దేనికి నాన్నా?”

“సెన్సర్...”

“ఊఁ.”

“చెయ్యి దగ్గరికొస్తే ప్రెస్సు ఆగిపోద్ది. మాటిమాటికీ ఆగుతోంది. సరుకు అందట్లేదని అవతల వాళ్లు ఒకటే ఫోన్లు...”

“ఎవరు తీయించారు?”

“ఫోర్‌మన్.”

“నాన్నా.”

“ఫోర్‌మనే తీశాడే!”

“ఎవరు తీయమంటే?”

“నేనే. నేనే తీయమన్నా. చాలా? ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?”

“లేదు. ఏడుపొస్తోంది. అదే ఇంగ్లీషులో చెప్పు.”

“లాయరు...”

“మన భాషలో నాతో అనడానికే ఇన్ని రోజులు పట్టింది. ఇంగ్లీషులోనైనా ఆవిడతో అనవూ?”

“సరే, నువ్వు చెప్పు, నేనంటా. మెల్లగా. నోరు తిరగట్లేదు.”

“ఐ అపాలజైజ్ టు యూ.”

“ఐ... అపాలజైజ్ టు యూ.”

“ఐ రిమూవ్డ్ ద సెన్సర్. సెన్సర్ తీసేసింది నేనే అని.”

“ఐ... ఐ రిమూవ్డ్... ఉండు. ఐ రిమూవ్డ్ ద సెన్సర్. అర్థమవుతుందంటావా ఆవిడకి?”

“అవుతుంది.”

“నా యాస విని లోపల ఎవరైనా నవ్వితే?”

“చావింట్లో ఎవరు నవ్వుతారు నాన్నా?”

“ఏం చెయ్యను మరి! మనీలా నుంచి నిన్నో మొన్నో విమానం దిగిన మనిషి. కొరియన్ ఒక్క ముక్క రాదు.”

“రాదని ఎవరన్నారు?”

“ఎవరనాలి? మొగుడు పోయాడని తెలిసి వచ్చుంటుంది.”

“పొద్దున లోపలికెళ్లి మాట్లాడొచ్చాను నాన్నా, కొరియన్‌లోనే. మన ఫ్యాక్టరీ వంటింట్లో ఇన్నేళ్లుగా మధ్యాహ్నం నీకు అన్నం వడ్డిస్తున్నది ఆవిడే.”