చివర చెప్పని సినిమా

"రత్నం! ఒసే రత్నం! యాడికే పోతన్నావ్?" అని నాంచారి మిరపచేలోంచి కేకేసిందంట. మిట్టమధ్యాన్నం, చీమ కూడా కదలని ఎండ. రత్నం తిరిగి చూళ్లా. కోసిన కాయలు ఒళ్లోంచి జారి సాలెంట ఎర్రగా రాలిపోతన్నా చూసుకోకుండా, చేని చివరున్న దిగుడుబావికేసి నడిచిపోతా ఉందంట. ఎవరో పిలిస్తే పలికినట్టు "ఆఁ, వస్తన్నా, వస్తన్నా" అంటందంట. నాంచారి కోత వదిలేసి వెనకాలే పరిగెత్తింది. ఎందుకంటే ఆ పిలిచేదెవరో నాంచారికి ఒక్కదానికే తెలుసు. అది మీకు తెలియాలంటే నాలుగు రోజులు వెనక్కి పోవాల. ఆ మిరపకాయల తొడిమలు తీస్తానే వినండి, ఆ చేతులు మాత్రం కళ్లలో పెట్టుకోబాకండి.

ఈ నాంచారి ఉందే, దానికి సినిమా అంటే ప్రాణం అనుకో. పక్కూరి సంతకాడ డేరా హాలుండేది. పోస్టరు బండి మైకు వినపడితే చాలు, చేతిలో పని చేతిలోనే వదిలేసి పరిగెత్తేది. బొమ్మ మారినప్పుడల్లా కోతల జట్టులో ఆడోళ్లంతా కలిసి ముందు దాన్నే పంపేవోళ్లంట. ఆ రోజు దాని వంతు సాలు తలా కాస్త కోసిపెట్టేవోళ్లు. అది మ్యాట్నీ చూసొచ్చి, తెల్లారి కాయలు కోస్తా కథంతా చెప్పేది. ఏడ్చేకాడ ఏడ్చేది, పాటొచ్చినకాడ పాడేది. అది బాగుందంటే అందరూ పోవాల, బాలేదంటే ఒక్కరూ పోరు. నెలకొక్క సినిమా చూసేవోళ్లాయె, ఆ ఒక్కటీ పాడైతే ఎట్టా? ఒక్క పద్ధతి మాత్రం నాంచారి తప్పేది కాదు. చివర చెప్పేది కాదు. ఎంత బతిమాలినా, "అది తెర మీదే చూడాల" అనేది.

ఏమైందంటే, ఆ వారం గుర్రం మీద కత్తి పట్టుకున్న మొగోడి పోస్టరొచ్చింది. నాంచారి నాలుగు మైళ్లు నడిచిపోతే హాలుకాడ నరపురుగు లేదంట. మిషను చెడిపోయింది, బాగుచేయించను పట్టకపోయారు, రేపాడిస్తారు అని కాపలా ముసలోడు చెప్పి తన దోవన తను పోయాడు. నాంచారి ఇంటికి తిరగలా. అక్కడ తన సాలు వాళ్లు కోస్తన్నారు, ఏ కథా లేకుండా ఎట్టా పోద్ది? డేరా లోపలికి పోయి, ఇసకలో చతికిలబడి, ఆ ఉత్త తెల్లతెరకేసి చూస్తా కూర్చుందంట. చూడంగా చూడంగా కళ్లు తెరుచుకునే కలగనింది. ఒక దిగుడుబావి. పసుప్పచ్చ చీర కట్టుకున్న ఆడమనిషి, జుట్టు విరబోసుకుని, నీళ్లకాడ మెట్టు మీద నిలబడి పేరుపెట్టి పిలస్తా ఉంది. పలికినోళ్లు ఒక్కో మెట్టే దిగతన్నారు. తెల్లారి చేలో అదే చెప్పింది. జట్టంతా కోత మరిచిపోయి వినింది. "చివరేమైద్దే?" అని జట్టు పెద్ద వెంకాయమ్మ అడిగితే, "అది తెర మీదే చూడాల పిన్నీ" అంది. చివర దానికీ తెలియదుగా!

మర్నాడు కోత ఆపి అందరూ మ్యాట్నీకి పోయారు. ఇయ్యాలతో నా పరువు పోయిద్దని నాంచారి ముసుగుతన్ని పడుకుంది. తిట్టుకుంటా రావాల్సినోళ్లు, ఏమైందంటే, నేరుగా దాని ఇంటికే వచ్చి చుట్టూ కూర్చున్నారంట. "పోస్టరు మీద గుర్రముంది, సినిమాలో లేదే. అచ్చం నువ్వు చెప్పినట్టే ఉంది, ఆ చీరతో సహా. ఆవిడ పిలస్తా ఉండంగానే తెర ఉత్త తెల్లగా అయిపోయింది. చివర లేదు" అంది వెంకాయమ్మ. నాంచారి పిన్నమ్మ కూతురే ఈ రత్నం, ఆ ఏడే ఊళ్లోకి కాపరానికొచ్చిన పిల్ల. అది దగ్గరకొచ్చి చెవిలో చెప్పింది, "అక్కా, ఆవిడ గొంతు నీ గొంతేనే" అని.

నాంచారికి అది నమ్మబుద్ధి కాలా. ఆ మర్నాడు తనే పోయి చూస్తే తెర మీద గుర్రం, కత్తి, కొట్లాట. "మొదట్నించీ ఇదొక్క బొమ్మే తల్లీ, ఇంకోటేదీ రాలా" అన్నాడు మిషను తిప్పేవాడు. అప్పుడైనా ఉన్నమాట జట్టుకు చెప్పొచ్చుగా? చెప్పలా. చెబితే ఇంక దాన్ని ఎవరు పంపుతారు? సినిమా లేకపోతే దానికి ఏం మిగిలింది, ఈ ఎండా, ఈ మండే చేతులూ తప్ప? నోరు కట్టుకుని తెల్లారి సాల్లో వంగింది. అదిగో, ఆ రోజే రత్నం లేచి నడిచిపోయింది.

పరిగెత్తి పరిగెత్తి బావికాడికి పోయేసరికి రత్నం ఏడో మెట్టు మీదుంది. కింద నీళ్లు అల లేకుండా, కట్టిన తెరలాగా పరుచుకుని ఉన్నాయంట. నాంచారి పైనుంచి "రత్నం!" అంటే, కింద నీళ్లలోంచి అదే గొంతు, "రత్నం... ఓ రత్నం..." అంటంది. ఆ పిల్ల ఏ గొంతుకని పలుకుద్ది? "చివర చూసొస్తా అక్కా" అని ఎనిమిదో మెట్టు దిగింది. ఈలోగా జట్టంతా వచ్చి గట్టు మీద నిలబడింది. నాంచారి వాళ్లకేసి చూసింది, నీళ్లకేసి చూసింది. ఇంక దాచలేక గుండెలు బాదుకుంటా అరిచిందంట. "చివర లేదే రత్నం! ఆ సినిమానే లేదే! ఆ రోజు హాలు మూసుంది. మీరు నా సాలు కోసిపెట్టారు, ఉత్తిగా రావడానికి సిగ్గేసి అల్లి చెప్పా. నేను చూళ్లా, నేనసలు చూళ్లా!"

కింద గొంతు "ర" అని ఆగిపోయింది. రత్నం నిద్రలేచినదానిలాగా నీళ్లు చూసి కెవ్వుమని, మెట్టు పట్టుకుని కూలబడింది. వెంకాయమ్మ దిగి, రెక్క పట్టి పైకి లాక్కొచ్చి, "చూడకుండానే ఇంత చేశావు, నిజంగా చూసుంటే ఊరే మునిగేది గదే తల్లీ!" అని నాంచారికి దండం పెట్టిందంట. తర్వాతా దాన్నే పంపారనుకో, కాకపోతే పక్కన రత్నాన్ని తోడిచ్చి మరీ పంపారు.

అప్పట్నించీ మా వైపు కథ చెప్పేవోళ్లు చివర దాచరు. నేనూ దాచలా, చూశారుగా. రేపు మధ్యాన్నం చేలో ఎవరన్నా మీ పేరుపెట్టి పిలిస్తే, అది నా గొంతులాగే ఉన్నా సరే, పలకబాకండి. ఇంకోమాట, మీరడక్కముందే ఒప్పుకుంటన్నా. ఆ నాంచారినీ, ఆ బావినీ, నేనూ చూళ్లా.