లేహ్ నుంచి తేజుకు ఆంజనప్ప టవలు

బాగేపల్లి బస్టాండులో మంజునాథ టీకొట్టు ముందు, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది జయలక్ష్మమ్మ. లేహ్‌లో నర్సుగా ఉన్న కూతురు అర్పితకు నెలలు నిండాయి. విమానం టికెట్టు పంపింది. ఈమెకేమో విమానమంటేనే వణుకు. ఎయిర్‌పోర్టు మీదుగా పోయే బెంగళూరు బస్సులు రెండు వదిలేసింది.

"నా చేత కాదప్పా, ఇంటికి పోతా."

పక్క బెంచీ మీద కూర్చున్న పట్టురైతు ఆంజనప్ప టీ గ్లాసు ఠక్కున పెట్టాడు.

"ఏం భయమమ్మా! వేసిన బోర్లన్నీ ఎండినా బెదరనోణ్ణి, విమానానికి బెదురుతానా? లేహ్ నుంచి తేజుకు పోయినా కదా నేను! ఈ కొసన మంచుకొండ, ఆ కొసన అరుణాచల్ అడవి. రెండూ మన గూళూరు బస్‌స్టాపంత ఎయిర్‌పోర్టులే. పట్టుపురుగుల మేతకు నాటే మల్బరీ కడ్డీలు ఇచ్చి రమ్మంటే పోయినా."

"ఎంత దూరమప్పా?"

"దగ్గర దగ్గర రెండువేల కిలోమీటర్లు. ఊరికే ఎక్కనిస్తారా? జనం తోసుకుంటాండారు. ఈ టవలు కిటికీలోంచి విసిరి సీటు పట్టినా."

"అట్ల చెయ్యకుంటే సీటు యాడ దొరుకుతాది!" అన్నాడు మంజునాథ.

"టీ ఇచ్చినారు. అందులో వేసిన చక్కెర కరిగేలోగానే తేజు వచ్చేసింది! నేను దిగినా, నా నీడ దిగలా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్నం తిని చెయ్యి కడుక్కుంటాంటే వచ్చింది నీడ, రొప్పుకుంటా!"

"తిరిగి ఎట్ల వస్తివప్పా?"

"అది ఇంకా ఘోరం! బుట్టెడు పట్టుగూళ్లు తెస్తాండా. పడమరకు ఎంత జోరుగా పోయినామంటే, పొద్దు వెనక్కి నడిచె, ఈరోజు పోయి నిన్న వచ్చె, బుట్ట తెరిస్తే గూళ్లు యాడుండాయి? అన్నీ మళ్లీ పురుగులై, తలలెత్తి ఆకు కోసం చూస్తాండాయి! ఇంకొంచెం పోయింటే నాకు మీసాలుండేవి కాదు. 'నిదానంగా పోనీప్పా' అని డ్రైవరుకు నేనే చెప్పినా."

జయలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"అది సరేగానీ, టవలు ఏ కిటికీలోంచి వేస్తివి?"

"ముందునుంచి మూడోది."

"విమానం కిటికీలు తెరుచుకోవంట కదప్పా. నాకు వాంతులైతాయి, గాలికి కిటికీ పక్క సీటు తీయమంటే అర్పితే చెప్పింది. నువ్వు విమానం ఎక్కనే లేదు!"

టీ వడపోస్తున్న మంజునాథ చెయ్యి ఆగిపోయింది. ఆంజనప్ప భుజం మీది టవలు తీసి, మడత పెట్టి, మళ్లీ విప్పాడు.

"ఎక్కలా!" అని ఒక్కసారిగా అరిచాడు. "నన్నెవరు పిలిచినారు ఎక్కేదానికి? నిన్ను పిలిచింది కదా నీ కూతురు! బిడ్డ నొప్పులు పడే వేళకు నువ్వు ఈడ కూర్చుని టీ తాగుతాంటే, అబద్ధమో నిజమో, నేనేదో ఒకటి చెప్పొద్దా?"

బెంగళూరు బస్సు వచ్చి ఆగింది. జనం తలుపు దగ్గర తోసుకుంటున్నారు. జయలక్ష్మమ్మ దిగ్గున లేచి, ఆంజనప్ప చేతిలోని టవలు లాక్కుని, బస్సు కిటికీలోంచి లోపలికి విసిరింది.

"అమ్మా, నా టవలు!"

"లేహ్ దాకా తీసకపోతా," అంది ఆమె మెట్టెక్కుతూ. "నువ్వు ఎక్కకపోయినా, నీ టవలన్నా విమానం ఎక్కనీప్పా."