ఉలామిలా గారి నాలుగు నిమిషాలు

1994 మార్చి 7వ తేదీ సోమవారం ఉదయం, సువా నగరంలో మామూలుగానే వర్షం కురుస్తుండగా, శ్రీమతి ఉలామిలా దవేతా గారు మన సాగర అభివృద్ధి ఆర్థిక సంస్థలో టైపిస్టుగా చేరారు. ఆనాటి హాజరు పుస్తకంలో వారి సంతకం మీద వాన చుక్క పడి సిరా అలుక్కుపోయింది. ఈ నెల 31న వారు రుణ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ ముప్పయి ఒక్క సంవత్సరాలను రెండు పేజీల్లో ఇమడ్చమని మన సిబ్బంది పత్రిక సంపాదకులు నన్ను ఆదేశించారు. కంప్యూటర్ విభాగం మనిషిని కనుక కుదించడం నాకు వచ్చిన విద్యే అనుకున్నారు కాబోలు.

ఉలామిలా గారి స్వస్థలం కండావు దీవి. వారి వంశీయులు తరతరాలుగా ఊరి దొరల తరఫున మాట్లాడేవారు. మన సంప్రదాయంలో దొర తన గొప్ప తాను చెప్పుకోడు, తనకు కావలసింది తాను అడగడు. పక్కన కూర్చున్న మాటకారి లేచి ఆయన పక్షాన గంభీరంగా పలుకుతాడు. అటువంటి ఇంట పుట్టడం వల్ల ఉలామిలా గారికి ఇతరుల ఘనతను వర్ణించే ప్రతిభ పుట్టుకతోనే అబ్బింది. తన ఘనతను చెప్పుకునే అభ్యాసం మాత్రం యాభై ఒకటో ఏట మొదలైంది. ఈ వ్యాసంలో అధిక భాగం ఆ ఆలస్యానికి సంబంధించినదే.

1999లో రుణ అధికారిణిగా పదోన్నతి పొంది వారు లంబాసా శాఖకు వెళ్ళారు. చెరకు రైతుల ఇళ్ళకు నడిచి వెళ్ళి, వరండాలో చాప మీద కూర్చుని, ఇంటి యజమానితో పాటు యజమానురాలిని కూడా పిలిచి మాట్లాడటం వారి పద్ధతి. 2008లో సహాయ అధిపతిగా సువాకు తిరిగి వచ్చారు. అప్పటి నుంచి కొత్తగా చేరిన ప్రతి యువతికీ వారు చెప్పిన మాటలు ఇంచుమించు ఒకటే. శిక్షణ విభాగంలోనూ సిబ్బంది విభాగంలోనూ హాయిగా ఉంటుందని అక్కడే స్థిరపడిపోవద్దు, రుణానికి అవునో కాదో తేల్చే బల్ల దగ్గరికి రండి. సమావేశంలో తలుపు పక్క కుర్చీ ఎంచుకోవద్దు. సమావేశ వివరాలు రాసిపెట్టమంటే, పోయినసారి ఎవరు రాశారని ముందు అడగండి. ఈ సలహాలు విని ముందుకు వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. సలహా ఇచ్చినవారు మాత్రం పద్నాలుగు సంవత్సరాలు అదే పదవిలో ఉన్నారు.

2016లో పెను తుఫాను వచ్చినప్పుడు, చిన్న వర్తకుల వాయిదాలను ఆరు నెలలు వెనక్కి జరిపే ఒంటి పేజీ దరఖాస్తు పత్రం ఒకటి మన సంస్థలో రూపొందింది. నేటికీ ప్రతి తుఫానుకూ మనం వాడుతున్నది దానినే. దాని అడుగున ఉన్న సంతకం అప్పటి విభాగాధిపతిది. ఆయన 2017లో విరమించగా, ఉలామిలా గారు పద్నాలుగు నెలలు తాత్కాలిక అధిపతిగా వ్యవహరించి, 2018లో శాశ్వత నియామకానికి ముఖాముఖికి హాజరయ్యారు. జనరల్ మేనేజర్ శ్రీ హరదయాళ్ గారు అధ్యక్షత వహించారు. వారి అనుమతితోనే ఇది రాస్తున్నాను.

"ఈ పదవికి మీరే ఎందుకమ్మా?" అని హరదయాళ్ గారు అడిగారు.

ఉలామిలా గారు ఇరవై నిమిషాలు అనర్గళంగా ప్రసంగించారు. పదకొండు మంది సహోద్యోగుల ప్రజ్ఞను పేరు పేరునా కీర్తించారు. లంబాసా శాఖ డ్రైవరు వరద కాలవ దాటించిన ఉదంతం కూడా అందులో ఉంది. తన గురించి, కూర్చోమన్నందుకు కృతజ్ఞతలు చెప్పడం తప్ప, ఒక్క వాక్యం లేదు.

"ఆవిడ మాటలు విన్నాక, ఆ డ్రైవరుని తెచ్చి అధిపతిగా కూర్చోబెడదామా అనిపించింది నాకు," అని హరదయాళ్ గారు ఇప్పటికీ అంటుంటారు.

పదవి బయటి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి దక్కింది. ఆయనకు పని నేర్పే బాధ్యత ఆరు నెలల పాటు ఉలామిలా గారిదే.

నేను 2019లో చేరాను. మా కొండ ఊరివాళ్ళకూ వారి దీవి వాళ్ళకూ పూర్వం నుంచీ వేళాకోళపు చుట్టరికం ఉంది. వయసుతోనూ హోదాతోనూ నిమిత్తం లేకుండా ఒకరినొకరు ఏమన్నా తప్పు పట్టరాదు. ఆ హక్కుతో నేను వారిని అందరి ఎదుట మేడమ్ అనీ, టీ గదిలో వదినా అనీ పిలిచేదాన్ని. 2022 ఆరంభంలో ఆ పెద్దమనిషి ఆక్లండ్ వెళ్ళిపోగా పదవి మళ్ళీ ఖాళీ అయింది. మన సంస్థలో విరమణ వయసు యాభై అయిదు. ఉలామిలా గారికి మిగిలినవి మూడేళ్ళు. ఈసారి తప్పితే ఆ కుర్చీ వారికి ఇక లేదని అంతస్తులో అందరికీ తెలుసు, బయటికి అన్నవాళ్ళు లేరు.

"గడువు శుక్రవారం వదినా. మీరింకా దరఖాస్తు పెట్టలేదు," అన్నాను.

"నన్నెవరూ అడగలేదుగా."

"ఏం, మేళతాళాలతో వచ్చి పిలవాలా?"

"కొండల్లో పుట్టినదానివి, నీకు మర్యాదలేం తెలుస్తాయే లొసేనా?"

"మీ దీవి వాళ్ళకి తెలుసు కదా! చేపలు తిని తిని చేపల్లాగే నోరు మూసుకున్నారు. ఉన్నవి మూడేళ్ళు. పెట్టండి."

వారు గురువారం సాయంత్రం పెట్టారు. మర్నాటి నుంచి మధ్యాహ్న భోజన విరామంలో, పాత దస్త్రాల గదిలో, ఉడికించిన కర్రపెండలం, డబ్బా చేప ముందు పెట్టుకుని సాధన ఆరంభించాం. నేను హరదయాళ్ గారి పాత్ర ధరించాను. నియమం ఒక్కటే. జవాబులో ఇంకొకరి పేరు దొర్లితే, ఉలామిలా గారు అంతస్తుకంతటికీ ఒక కారం బఠాణీల పొట్లం కొనాలి. మొదటి రోజు తొమ్మిది పొట్లాలు కొన్నారు. రెండో రోజు ఏడు. సహోద్యోగులు వారి వినయాన్ని ఎంతో ఆస్వాదించారు.

నాలుగో రోజు తుఫాను పత్రం దగ్గర ఆగిపోయారు.

"ఆ పత్రం ఎవరు తయారుచేశారు?" అన్నాను.

"అప్పటి అధిపతి గారి హయాంలో, అందరి సహకారంతో..."

నేను ముందే తీసి ఉంచుకున్న కాగితం బల్ల మీద పెట్టాను. కంప్యూటరుకు మర్యాద తెలియదు. ఎవరు పని చేస్తే వాళ్ళ పేరే రాసుకుంటుంది. ఆ పత్రం పుట్టినది మార్చి రెండో తేదీ ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, ఉలామిలా గారి ఖాతాలో. తరువాతి నాలుగు రోజులూ దానిని మరెవరూ తెరవలేదు.

"వాళ్ళెలా వస్తారే? వాళ్ళ ఇళ్ళకి కప్పులెగిరిపోయాయి ఆ వారం," అన్నారు.

"మీ ఇంటికుందా కప్పు?"

"లేదు."

"మరి రాసిందెవరు?"

వారు చేపముక్క పక్కన పెట్టి, చేయి తుడుచుకుని, కాగితాన్ని తమ వైపు తిప్పుకున్నారు. చాలాసేపు చదివారు. అందులో ఉన్నది మూడే పంక్తులు.

"నేనే," అన్నారు. ఆ తరువాత, "మా పెద్దన్నయ్య వింటే, దీనికి పెద్దరికం తలకెక్కింది అంటాడు."

"అననివ్వండి. ఆయనొచ్చి నడుపుతాడా రుణ విభాగం?"

"వాడు ఉల్లిపాయల కొట్టు కూడా నడపలేడు," అన్నారు ఉలామిలా గారు. ఇంకొకరి ప్రస్తావన వచ్చింది కానీ, ప్రశంస కాదు కనుక పొట్లం అడగలేదు.

ముఖాముఖిలో హరదయాళ్ గారు పాత ప్రశ్నే వేశారు. జవాబు నాలుగు నిమిషాల్లో ముగిసింది. లంబాసాలో తాను ఏ పద్ధతి మార్చారో, తుఫాను వారం తాను ఏమి రాశారో, విభాగాన్ని రాబోయే మూడేళ్ళలో ఎటు నడిపిస్తారో చెప్పి ఆగారు. ఇంకా ఏదో ఉంటుందని ఎంపిక సంఘం వేచి చూసింది.

"అంతేనండీ. చేసింది చెప్పాను. నమ్మకం లేకపోతే దస్త్రాలు చూసుకోండి," అన్నారట.

సంఘం దస్త్రాలు తెప్పించి చూసింది. రెండు వారాలకు నియామక పత్రం వచ్చింది. ఉలామిలా గారు దానిని మడిచి సంచిలో పెట్టుకుని, నా బల్ల దగ్గర ఆగి, "వచ్చిందే. ఇక నీ పని చూసుకో," అని వెళ్ళారు.

అధిపతిగా వారి మూడు సంవత్సరాల గురించి వార్షిక నివేదికలు విపులంగానే చెబుతున్నాయి. వాటిలో లేనిది ఒకటి చెబుతాను. ప్రతి మంగళవారం మధ్యాహ్నం, విభాగంలోని మహిళల్లో ఒకరు నిలబడి, ఆ నెలలో తాను స్వయంగా చేసిన పని ఏమిటో పది నిమిషాలు చెప్పాలి. ఈ కార్యక్రమం అందరికీ నచ్చిందని రాస్తే అది అసత్యం. ఒకరు మధ్యలో ఏడ్చి బయటికి వెళ్ళిపోయారు. మూడు వారాల తరువాత తిరిగి వచ్చి, మిగిలిన ఆరు నిమిషాలు పూర్తి చేశారు. ఇప్పుడు ఆమె లంబాసా శాఖాధికారిణి. కొందరు పురుష సహోద్యోగులు కూడా తమకు అవకాశం కావాలని కోరగా, వారికి సాధన అవసరం లేదని ఉలామిలా గారు సున్నితంగా తిరస్కరించారు.

నాకూ మినహాయింపు దక్కలేదు. 2023లో నా పదోన్నతికి సిఫారసు చేస్తారని నేను నిశ్చింతగా ఉండగా, జాబితాలో నా పేరు కనిపించలేదు.

"నా పేరెందుకు పంపలేదు వదినా?"

"నువ్వు అడగలేదుగా."

"మీకు తెలీదా నేను చేసింది?"

"నాకు తెలుసు. నేను పోయాక ఎవరికి తెలుస్తుంది?"

మరుసటి ఏడు నేనే అడిగాను. వారు నన్ను గంటసేపు ప్రశ్నించి, ఆపై సంతకం చేశారు. ఆ గంట గుర్తొస్తే నాకు ఇప్పటికీ సుఖంగా ఉండదు.

వారి స్థానానికి ఈసారి దరఖాస్తు చేసుకున్న అయిదుగురిలో నలుగురు మహిళలు. వారిలో ఎవరినీ ఉలామిలా గారు సిఫారసు చేయలేదు. తమ సంగతి తామే చెప్పుకోగలరని వారి అభిప్రాయం. ఫలితం వచ్చే నెల తెలుస్తుంది.

పదవీ విరమణానంతరం వారు కండావుకు తిరిగి వెళుతున్నారు. గత వారం అక్కడి మహిళా పొదుపు సంఘం వారు ఫోన్ చేసినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. అనుభవజ్ఞులు కనుక సలహాదారుగా ఉండి ఆశీర్వదించమని వారు అర్థిస్తున్నట్టు అర్థమైంది.

"సలహాలు ఇప్పటికే చాలా ఇచ్చానమ్మా. అధ్యక్షురాలి పదవికి ఎన్నిక ఎప్పుడు?" అని ఉలామిలా గారు అడిగారు. "జూన్‌లోనా? సరే, నా పేరు రాసుకోండి. నేను బాగా చేస్తాను."

ఫోన్ పెట్టేసి, నన్ను చూసి, "ఏమే, అలా నోరు తెరుచుకు చూస్తావేం?" అన్నారు.

శ్రీమతి ఉలామిలా దవేతా గారికి సంపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయుష్షు, సముద్రం కనిపించే వరండా సిద్ధించాలని సిబ్బంది అందరి పక్షాన ఆకాంక్షిస్తున్నాను. జూన్ ఎన్నికలో విజయం కూడా కలగాలని జోడించబోయాను. అభ్యర్థి గారు అది చదివి, తమ ప్రచారం తామే చేసుకుంటామని ఆ వాక్యం కొట్టివేయమన్నారు. కొట్టివేశాను.

— లొసేనా, కంప్యూటర్ విభాగం